దించని తొట్టెల

పాలమూరు స్టేషన్ దగ్గర ఆ మూడంతస్తుల కిరాయి మిద్దె లేస్తున్న రోజుల్లో భిక్షమ్మ అక్కడ సున్నం మోసింది. పొత్తిళ్ల బిడ్డ సుక్కమ్మను చీర తొట్టెల్లో వేసి, పై అంతస్తు మూల అర్రలో దూలానికి కట్టి పని చేసుకునేది.

పెళ్లయ్యాక సుక్కమ్మ ఆ అర్రలోనే కాపురం పెట్టింది. కొడుకును కని, పురిట్లోనే పోయింది. చావు నక్షత్రం మంచిది కాదన్నారు. ఆరు నెలలు ఎవరూ ఉండకూడదని అర్ర ఖాళీ చేసి, తలుపుకు అడ్డంగా తుమ్మకంప కట్టారు. ఆ హడావిడిలో పిల్లాడి కోసం కట్టిన తొట్టెలను దించడం మరిచారు.

అప్పటినుంచి భిక్షమ్మ మనవడితో పక్క అర్రలో ఉంటోంది. దీపాల వేళ వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. అప్పుడు మూసిన అర్రలో తొట్టెల తాడు కిర్రుమంటుంది. వాడు నిద్రపోయేదాకా కిర్రుమంటూనే ఉంటుంది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం మిద్దె యజమాని మెట్లెక్కి వచ్చాడు.

"భిక్షమ్మా, ఆరు నెలలు నిండినయ్. రేపు కంప తీసి అర్ర కడిగిస్త. కొత్తోళ్లు కిరాయికి వస్తుండ్రు."

"గింత తొందరేంది సేటూ, జర ఆగరాదు!"

ఆయన అప్పటికే దిగిపోతున్నాడు.

చీకటి పడింది. పిల్లాడు ఏడ్చాడు. తాడు కిర్రుమంది. భిక్షమ్మ వాణ్ణి చంకనేసుకుని కంప దగ్గరికి వెళ్లింది.

"బిడ్డా, రేపు తలుపు తీస్తరంట," అంది మెల్లగా. "నువ్వు ఇగ పోవాలె."

తాడు ఆగింది. తర్వాత అడుగులు తలుపు దాకా వచ్చాయి.

లోపలి నుంచి గడియ పడింది.