ఎలుగుబంటి కుడిచెయ్యి

చంటిపిల్లల టీవీ కార్యక్రమంలో ఆ ఎలుగుబంటి బొమ్మను ఆడించడానికి ఇద్దరు కావాలి. బల్ల కింద నక్కి, బొమ్మలాటాయన తలనీ ఎడమచేతినీ ఆడిస్తాడు. పక్కనే ఒదిగి కూర్చుని బావమరిది కుడిచెయ్యి ఆడిస్తాడు. బొమ్మ ఎలా కనిపిస్తోందో ఎదురుగా చిన్న తెర మీద చూసుకోవాలి. అక్కణ్ణించి చూపు తిప్పారంటే బొమ్మ దిక్కులు చూస్తుంది.

ఆ రాత్రి స్టూడియోలో ఆయన ఒక్కడే మర్నాటి పాట సాధన చేస్తున్నాడు. బొమ్మ కుడిచెయ్యి ఖాళీగా వేలాడుతోంది.

రెండో చరణంలో, తెర మీద ఎలుగుబంటి కుడిచెయ్యి ఊపింది. ఆయన భుజానికి ఇంకో భుజం ఆనింది.

"ఎప్పుడొచ్చావయ్యా? గుండె ఆగినంత పనైంది!" అన్నాడు, చూపు తిప్పకుండానే.

బావమరిది అలిగాడు కాబోలు అనుకున్నాడు. పొద్దున ఆలస్యంగా వచ్చాడని నలుగురిలో తనే చీవాట్లు పెట్టాడు మరి. ఆట మాత్రం ఎన్నడూ లేనంత చక్కగా కుదిరింది.

జేబులో ఫోన్ మోగింది. బొమ్మలోంచి ఎడమచెయ్యి బయటికి లాగి ఎత్తాడు.

"బావా, ఇంకా ఎంతసేపు? అక్క తినకుండా కూర్చుంది."

"నువ్వెక్కడున్నావు?"

"మీ ఇంట్లోనే. గంటైంది వచ్చి. ఉండు, అక్కకిస్తా."

పక్క భుజం ఇంకా ఆనుకునే ఉంది. చూద్దామంటే మెడ తిరగలేదు.

"మరి ఇక్కడ..." అనబోయాడు. అలవాటు కొద్దీ, ఆయన మాటతోపాటే తెర మీద ఎలుగుబంటి నోరు తెరుచుకుంది.

బొమ్మ కుడిచెయ్యి నెమ్మదిగా లేచి, లోపలున్న ఆయన వేళ్లతో సహా, ఆ నోరు మూసేసింది.