గులాబీ మంచు

తూక్కా కంప్యూటర్‌లో మంచు గులాబీ రంగులో కురుస్తోంది.

ఫిన్లాండ్‌లోని టాంపెరే ఊళ్ళో ఆ చిన్న గేమ్ కంపెనీలో ఇంకెవరి తెర మీదా ఇలా లేదు. రెయిండీర్ల పందెం గేమ్ శుక్రవారం మధ్యాహ్నం విడుదల. రెండేళ్ళ కష్టం. ఇప్పుడీ గులాబీ గోలేంటి?

"గ్రాఫిక్స్ కార్డుతో మన గేమ్‌కి పడట్లేదేమో," అన్నాడు తూక్కా.

మెర్వికి ఒళ్ళు మండింది. తెర మీద బొమ్మలు గీసే ఆ కార్డు ఏ రకమైనా గేమ్ ఆడేలా చూడటం ఆమె పని. కార్డు అందకపోతే, కంప్యూటర్‌లో ముందే ఉండే చిన్న చిప్‌తో గేమ్ నోరెత్తకుండా సర్దుకుపోయేలా ప్రోగ్రామ్ రాసిందీ ఆమే. నెలంతా మూలనున్న పరీక్షల కంప్యూటర్‌లో రకరకాల కార్డులు మార్చి మార్చి చూసింది. అన్నిటికీ తెల్లటి మంచే. ఇంతా చేస్తే నిన్నగాక మొన్న వచ్చినవాడు వంక పెడతాడా?

తూక్కా కార్డే ఊడబీకి తెచ్చి ఆ కంప్యూటర్‌లో పెట్టింది.

"ఇదిగో, నీ కార్డే. పాలలా తెల్లగా లేదూ?"

"మరి నా దగ్గర..."

"నేనూ అదే అడుగుతున్నా. నీ దగ్గరే ఎందుకు?"

మిగతావాళ్ళవన్నీ ల్యాప్‌టాప్‌లు. కార్డు పెట్టుకున్నది తూక్కా ఒక్కడే. పైగా రెండు నెలల క్రితం ఏటి అవతలి పోటీ కంపెనీ నుంచి వచ్చాడు. ఎవరైనా దగ్గరికొస్తే తెర మార్చేస్తాడు. ఆఫీసు కాఫీ ముట్టడు, ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. నలుగురితో కాఫీ తాగడమే ప్రాణమైన ఫిన్లాండ్‌లో పుట్టినవాణ్ణి అనుమానించడానికి ఇంతకంటే ఏం కావాలి?

గురువారం అతను పరీక్షల కంప్యూటర్ వెనక చెయ్యి పెట్టి తడుముతూ దొరికాడు.

"ఏయ్! అక్కడేం చేస్తున్నావ్?"

"ఏం లేదు, తెర వైరు ఎందులో ఉందో ఓసారి చూద్దామని..."

"చెయ్యి తియ్యి ముందు! దీన్ని కూడా పాడుచేస్తావా?"

యజమాని పెత్రి నీళ్ళు నమిలాడు. "అతనింట్లో నెలల బిడ్డ ఉంది మెర్వీ. నిజంగా అతని పనేనంటావా?"

"మరి నా పనంటావా? అదే కార్డు, అదే గేమ్. నా దగ్గర తెలుపు, అతని దగ్గర గులాబీ. ఏదో కెలికాడు. రేపు విడుదల ఆగిపోతే అతని పాత కంపెనీ పండగ చేసుకుంటుంది."

శుక్రవారం పొద్దున తూక్కా తన ఫ్లాస్కు, ఆఫీసులో వేసుకునే ఉన్ని మేజోళ్ళు సంచిలో పెట్టుకుని తాళంచెవి ఇచ్చేశాడు.

"నన్ను పంపితే పంపారు. విడుదల మాత్రం ఆపండి. కొన్నవాళ్ళకీ ఇలాగే కనిపిస్తుంది," అన్నాడు. ఒక్కరూ తలెత్తలేదు. పాపం, గడప దాటుతుంటే అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

మధ్యాహ్నం గేమ్ అమ్మకానికి వెళ్ళిపోయింది. చప్పట్లు కొట్టారు, కేకు కోశారు. మెర్వి పరీక్షల కంప్యూటర్ ఆపి, తూక్కా కార్డు బయటికి తీసింది. రేపు లాయర్‌కి చూపించాలిగా, సాక్ష్యం!

కవర్ కోసం ఆమె అటు తిరిగేసరికి పెత్రి కేకు పళ్ళెంతో వచ్చి ఆ కంప్యూటర్ మీట నొక్కి గేమ్ పెట్టాడు.

"రా మెర్వీ, ఒక్క పందెం వేద్దాం!"

నవ్వుతూ వెనక్కి తిరిగింది మెర్వి.

తెర మీద మంచు ఎప్పట్లాగే తెల్లగా కురుస్తోంది, కార్డు మాత్రం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.