వెండి పొర

"నిద్రపోయావటే?" అని పెద్దావిడ రెండుసార్లు పిలిచింది. పక్కగదిలోంచి గురక తప్ప జవాబు లేదు. అప్పుడు మెల్లగా ఫ్రిజ్ తలుపు తెరిచింది.

పాలగిన్నె పక్కన రెండు చిన్న అట్టపెట్టెలు. పదకొండో నంబరు తనది, పన్నెండు తోడికోడలిది. నంబర్లు పెట్టెల మీదే కానీ లోపలి పొట్లాల మీద లేవు. ఇటు పొట్లం అటు, అటుది ఇటు పెట్టేసి, పాలు తాగిన పిల్లిలా వచ్చి ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది.

అన్నదమ్ములని చేసుకుని ఒకే గడపలో అడుగుపెట్టిన వాళ్ళిద్దరూ. మొగుళ్ళు పోయాక ఇస్త్రీ దుకాణమే దిక్కయింది. ముప్పై ఏళ్ళు నిలబడి చేసిన పని, పైగా ఇద్దరికీ షుగరు. పెద్దావిడకి చెప్పు కరిచింది, చిన్నావిడ పాదం మీద ఇస్త్రీపెట్టెలోని నిప్పు పడింది. ఏవో చిన్న దెబ్బలే అనుకున్నారు. ఏడాదిన్నర దాటినా ఆ పుళ్ళు మానలేదు.

ఆసుపత్రి వాళ్ళు కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి ఇద్దరూ పేర్లిచ్చారు. శనివారం పెట్టెలు వస్తాయి, సోమవారం నర్సు వచ్చి కట్టు మారుస్తుంది.

"పీత డొల్లల నుంచి తీసిన జిగురుతో చేసిన పొర పెద్దమ్మా ఇది. అందులో కంటికి ఆనని వెండి రేణువులు కలిపారు. చీము పట్టనివ్వవు, కొత్త చర్మం రావడానికి దారిస్తాయి" అంది నర్సు మొదటిరోజున. "కాకపోతే మీ ఇద్దరిలో ఒకరికి వెండి ఉన్నది, ఒకరికి లేనిది."

"ఎవరికి ఏది?"

"నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు."

"బాగుంది సంబడం! ఇంకెవరికి తెలుసమ్మా?"

"కంప్యూటరుకి."

"దాని కాళ్ళ మీద పడితే చెబుతుందేమో అడుగక్కా" అని నవ్వింది చిన్నావిడ.

మూడు వారాలకి కంప్యూటరుని అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. పెద్దావిడ పుండు సగానికి తగ్గింది. చిన్నావిడది మెతుకంత కూడా తగ్గలేదు.

"నీకేమమ్మా, వెండి మహారాణివి!" అంది చిన్నావిడ. "నీ పుండు చూడు, పెళ్ళికూతురి బుగ్గలా మెరుస్తోంది."

"ముందు నీ నోటికి కట్టు కట్టించాలే!"

ఆరోజు వెళ్తూ వెళ్తూ నర్సు పెద్దావిడని గుమ్మం దగ్గర ఆపింది. "చిన్నమ్మకి పుండు ఎముక దాకా పోయేలా ఉంది. పన్నెండో వారానికి మానకపోతే పాదం తీసేయాల్సి వస్తుంది."

"ఆ వెండి పొరేదో దానికి కూడా వెయ్యకూడదా?"

"ఎవరి నంబరుది వాళ్ళకే వెయ్యాలి. మధ్యలో మార్చడానికి నాకు అధికారం లేదు పెద్దమ్మా."

ఆ మరుసటి ఆదివారం నుంచి ఆ పని పెద్దావిడే చేయడం మొదలుపెట్టింది.

అలాగని చిన్నావిడ మంచితనానికి కరిగిపోయి కాదు. ఫ్యాను కింద చోటు దానికే కావాలి, మెత్తని దిండు దానికే కావాలి, చివరికి పొద్దున్న పేపరు కూడా ముందు దాని చేతికే రావాలి. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటీ వదులుకున్న మనిషి కాదు. అయినా అది కుంటుతుంటే పెద్దావిడ చూడలేకపోయింది.

వారాలు గడిచాయి. నర్సు స్కేలు పెట్టి కొలిచినప్పుడల్లా పెద్దావిడ మెడ చాచి చూసేది. విచిత్రమేమిటంటే తన పుండు మానుతూనే ఉంది. 'మొదటి మూడు వారాల మందే ఇంకా ఒంట్లో పని చేస్తున్నట్టుంది' అని సర్దిచెప్పుకుంది. చిన్నావిడది మాత్రం నల్లబడుతోంది. 'దానికి ఇప్పుడే కదా మొదలుపెట్టింది, కాస్త టైము పడుతుందిలే' అనుకుంది.

పన్నెండో వారానికి పెద్దావిడ పాదం మీద గులాబీరంగు మచ్చ మిగిలింది. ఆ వారంలోనే చిన్నావిడ పాదం తీసేశారు.

వార్డులో మంచం పక్కన కూర్చుని పెద్దావిడ దుప్పటి కొస నలుపుతూ ఉండిపోయింది. ఎత్తుగా ఉండాల్సిన చోట దుప్పటి పల్లంగా ఉంది. అటు చూడలేకపోయింది.

"ఏంటక్కా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు? పోయింది నా కాలు కదా, నీ నోరు కాదుగా?"

"నీ కాలు నేనే తీయించానే!" పెద్దావిడ భోరుమంది. "ఆదివారాలు నువ్వు కునుకు తీస్తుంటే నా పొట్లం నీ పెట్టెలో పెట్టాను. తొమ్మిది వారాలూ నీకు వెండి పొరే వేయించాను. అది నీ ఒంటికి పడలేదు కాబోలు. నా మానాన నేనుంటే నీ పాదం నీకుండేదేమో!"

చిన్నావిడ మోచేతి మీద కాస్త లేచి ఆమె వంక చూసింది.

"ఇన్నాళ్ళూ ఇదా నిన్ను లోపల్లోపల తినేస్తున్నది?"

"కొట్టవే నన్ను. తిట్టు. ఏదో ఒకటి అను."

"పిచ్చిదానా, నా గురక నమ్మేశావా?" అని చిన్నావిడ ఆమె చెయ్యి తన గుండెల మీదికి లాక్కుంది.

"ప్రతి సోమవారం, నర్సు రాకముందే, నేను మళ్ళీ మార్చేసేదాన్నక్కా."