దేవతైన బయ్యన్న

కంబదూరు బయ్యన్న ఉన్నట్టుండి దేవతైనాడు. ఒంటినిండా ఎర్రటి పొక్కులు లేచినాయి. అమ్మవారు పోసిందని పెండ్లాం ఓబులమ్మ వేపమండల మీద పండబెట్టి, పొద్దూమాపూ దండం పెడతాండాది.

ఆస్పత్రి డాక్టరమ్మ వచ్చి చూసి, ఓబులమ్మను వాకిట్లోకి పిలిచింది.

"అమ్మవారు కాదమ్మా, అరుదైన జబ్బు. ఒంటికి కాపలా కాసే కణాలే పొరబాటున రక్తనాళాలను కొడతాండాయి. నాళాలు వాచి, రక్తం బయటికి ఊరి, ఇట్లా పొక్కులైతాయి."

"కాపలావాడే ఇల్లు పగలగొడతాడా? అచ్చం మా ఆయనే!" ఓబులమ్మ గొంతు తగ్గించింది. "కాదని నాకూ తెలుసు తల్లీ. అమ్మవారనుకోనే సారాయి ముట్టకుండా ఉండాడు. చెప్పొద్దు."

డాక్టరమ్మ లోపలికి పోయి చేతులు జోడించింది.

"తల్లీ, ఈ మాత్రలు నీకు నైవేద్యం. మూడు పూటలా ఆరగించు."

బయ్యన్న కండ్లు మూసుకొని, వేపమండతో ఆమె నెత్తిన తట్టి దీవించినాడు.