తువ్వాలాయన

“అయ్యో, చెమటండి బాబూ. ఒక్క క్షణం ఆగండి.”

చెక్క బెంచీ మీద పడుకోబోతున్న కుర్రాణ్ణి ఆపి, ఆ పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి బెంచీని శుభ్రంగా తుడిచాడు.

“ఆ, ఇప్పుడు పడుకోండి.”

ఆయన రోజూ మొదటి బస్సు దిగి అమలాపురం వ్యాయామశాలకు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. కసరత్తు చేసేవాడు కాదు. ఒకరు లేచిన బెంచీని ఇంకొకరు పడుకోకముందే తుడిచేవాడు. నేల మీద వదిలేసిన ఇనుప ప్లేట్లు మోసుకెళ్ళి గోడవార సర్దేవాడు. రాడ్డుకు ప్లేట్లు ఎక్కించగానే, అవి జారిపోకుండా రెండు చివర్లా ఉండే నట్లు బిగించేవాడు.

కుర్రాళ్ళు ఆయనకు తువ్వాలాయన అని పేరు పెట్టారు. సెక్రటరీ గారు పనికి పెట్టుకున్న మనిషనుకున్నారు. సెక్రటరీ కాశీవిశ్వనాథం గారేమో కుర్రాళ్ళలో ఎవరికో బంధువనుకున్నారు.

“మీరెవరి తాలూకండీ?” అని ఒకసారి అడిగారు కూడా.

“మన కుర్రోళ్ళ తాలూకేనండి, ఆయ్.”

కోనసీమలో అంత మర్యాదగా జవాబిచ్చిన మనిషిని రెండో ప్రశ్న అడగడం అమర్యాద. సెక్రటరీ గారు ఊరుకున్నారు.

బాపిరాజుకు మాత్రం ఆయన పొడ గిట్టేది కాదు.

బాపిరాజు అక్కడ అందరికన్నా బలవంతుడు. వచ్చే నెల కాకినాడ పోటీల్లో గెలిస్తే రైల్వేలో ఉద్యోగం వస్తుందని కొండంత ఆశ. కండలు పెరిగినంత ఇదిగా బుద్ధి పెరగలేదు. ఎత్తిన బరువు ఎక్కడ దించితే అక్కడే వదిలేసి పోయేవాడు.

“బాబూ, నట్టు బిగించలేదండి.”

“నాకు తెలుసు.”

“తెలుసండి. మర్చిపోతారేమోనని.”

ఆ మాట వింటే బాపిరాజుకు ఒళ్ళు మండేది. ఎందుకో అతనికొక్కడికే తెలుసు.

రెండేళ్ళ కిందట, ఎనభై రెండులో, అదే బెంచీ మీద మోషే అనే కుర్రాడు బరువెత్తుతుంటే ఒక పక్క ప్లేట్లు జారిపోయాయి. రాడ్డు ఒరిగి గుండెల మీద పడింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. అందరూ ఖర్మ అన్నారు. అంతకుముందు ఆ రాడ్డు ఎత్తి, నట్టు వదులు చేసి, బిగించకుండా ఇంటికి పోయింది బాపిరాజే. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తువ్వాలాయన నట్టు ముట్టుకున్నప్పుడల్లా అతనికి లోపల దడ. ఈయనెవరో ఆరా తీయడానికి వచ్చాడని అనుమానం.

ఓ రోజు ఆ పెద్దాయన నట్టు మీద చెయ్యి వేయగానే, బాపిరాజు చెమటకు తడిసిన బనీను విప్పి ఆయన మొహాన కొట్టాడు.

“తుడవడమంటే సరదా కదా? ఇది కూడా ఉతికి పట్రా.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు.

“ఆయ్,” అన్నాడాయన. బనీను మడతపెట్టి పక్కన ఉంచాడు. తర్వాత రెండో వైపు నట్టు కూడా బిగించాడు.

బాపిరాజు తిన్నగా సెక్రటరీ గారి దగ్గరికి పోయాడు.

“ఆయనన్నా ఉండాలండి, నేనన్నా ఉండాలి.”

పోటీలు నెత్తి మీదికొచ్చాయి. సెక్రటరీ గారు పెద్దాయన్ని పక్కకు పిలిచారు.

“రేపట్నుంచి రాకండి. ఏమీ అనుకోకండేం?”

“ఆయ్. ఎలాగూ ఇంకో రెండ్రోజులేనండి. ఆ బాపిరాజు బాబుని మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండండి.”

ఆయన మళ్ళీ రాలేదు.

పదోరోజు బాపిరాజు రాడ్డు పైకెత్తాడు. ఎడమ పక్క ప్లేటు జారింది. చెవి పక్కనుంచి పోయి నేల మీద పడింది. నలుగురూ పరుగెత్తుకొచ్చి రాడ్డు పట్టుకున్నారు గానీ, లేకపోతే ఆ పూటే అతని పని అయిపోయేది.

బెంచీ మీద లేచి కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఇన్నాళ్ళూ తన నట్టు తాను ఒక్కసారి కూడా బిగించుకోలేదని అప్పుడు తెలిసింది.

బస్సు కండక్టరును అడిగితే మామిడికుదురులో దిగేవాడని చెప్పాడు. కాళ్ళ మీద పడైనా సరే ఆయన్ని వెనక్కి తెచ్చుకోవాలనుకుని బయల్దేరాడు.

ఊళ్ళో వాళ్ళు చూపించిన ఇంటి వాకిట్లో ఒకావిడ కొబ్బరాకుల ఈనెలు చీరుతోంది.

“రోజూ అమలాపురం వచ్చే పెద్దాయన, తువ్వాలు వేసుకుంటారు... ఇల్లు ఇదేనాండీ?”

“ఆయ్, ఇదేనండి. కూచోండి బాబూ. ఆయన లేరండి. సెలవైపోయి పోయినారం కువైటు వెళ్ళిపోయేరు.”

“మళ్ళీ ఎప్పుడొస్తారండీ?”

“మూడేళ్ళకండి. మా మోషే పోయినప్పుడు కూడా సెలవివ్వలేదండి వాళ్ళు. మట్టి చేసేటప్పుడు కూడా చూసుకోలేకపోయేరు.”

బాపిరాజు అరుగు చివర కూర్చున్నాడు.

“మీరూ ఆ వ్యాయామశాల వారేనా బాబూ? అయితే బాపిరాజు గారు మీకు తెలిసే ఉంటారు. బాగున్నారాండీ ఆయన?”

బాపిరాజు తల ఊపాడు.

“హమ్మయ్య. ఆస్పత్రిలో మావాడు నా చెయ్యట్టుకుని, ‘నట్టు బిగించడం బాపిరాజన్న మర్చిపోయేడమ్మా, ఎవరితోనూ అనకు’ అన్నాడండి,” అందావిడ. “నేను వాళ్ళ నాన్నకొక్కరికే ఉత్తరం రాసేను. అందుకేనండి, ‘ఆ కుర్రోడు మళ్ళీ మర్చిపోతే ఇంకో తల్లి నీలాగే అయిపోద్ది మరియమ్మా’ అని, రెండు నెలల సెలవులో అక్కడ రావద్దనేదాకా ఒక్క పొద్దు కూడా మానకుండా ఆయన ఆ అబ్బాయి నట్టు బిగించడానికే వచ్చేవోరు.”