గండి పూడ్చిన చోట

తుఫాను రేపు మధ్యాహ్నం తీరం దాటుతుందన్నారు. లక్ష్మీతులసి పొద్దున్నే అమలాపురం నుంచి జీపులో వచ్చి సముద్రపు గట్టు ఎక్కింది. గట్టు ఆగుతుందో లేదో చూసి సంతకం పెట్టాల్సిన ఇంజనీరు ఆవిడే. చేతిలో ఇనప చువ్వ, వెనకాల సగం ఊరు.

ఆ సగం ఊరినీ తోసుకుని ముందుకొచ్చింది మహాలక్ష్మమ్మ.

"ఇక్కడేమన్నా మెత్తగా ఉందాండీ మేడంగారూ?"

లక్ష్మీతులసి చువ్వ గుచ్చింది. దిగలేదు.

"లేదమ్మా, గట్టిగానే ఉంది."

నాలుగడుగులు వేశారో లేదో, మళ్ళీ అదే గొంతు.

"ఇక్కడ పీత బొరియలుండాలండీ. ఉన్నాయాండీ?"

"అన్నీ పూడ్చేశారమ్మా."

పాపం, ఎంత బెంగ పెట్టుకుందో అని లక్ష్మీతులసి జాలిపడింది.

బెంగ ఉండదా మరి? మొగుడు ముసలయ్య పడవ మీంచి పడి, నడుం విరిగి మంచాన ఉన్నాడు. తుఫాను షెల్టరుకి మోసుకెళ్తామని మనుషులొస్తే తిట్టి పంపేశాడు. పోతే తన ఇంట్లోనే పోతాడట! అతన్నొదిలి ఆవిడెక్కడికి వెళ్తుంది? కిందటి తుఫానుకి ఈ గట్టుకి గండి పడి, నీళ్ళు పొలాల మీదికి పోయాయి. వాళ్ళ ఇంట్లోకొచ్చిన నీళ్ళు మంచం పట్టెదాకా లేచి ఆగాయి. అలా బతికి బయటపడ్డారు ఇద్దరూ.

తర్వాత ఆ గండిని ఊరే పూడ్చుకుంది. ఇంటికో మనిషి రావాలని కట్టుబాటు. రాని ఇంటివాళ్ళని రొయ్యల చెరువుల పనికి పిలవరు. ఆ ఇంటి వంతు మట్టి తట్టలు మహాలక్ష్మమ్మే మోసింది.

చివరికి అందరూ ఆ గండి చోటికి వచ్చారు. మహాలక్ష్మమ్మ ఈసారి కొంగు నోట్లో కుక్కుకుని చువ్వ వంకే చూస్తూ నిలబడింది.

లక్ష్మీతులసి బలమంతా పెట్టి గుచ్చింది. చువ్వ దిగలేదు. ఇంకోచోట గుచ్చింది. అక్కడా దిగలేదు.

"ఎంత బాగా కట్టుకున్నారండీ! మొత్తం గట్టులో గట్టి చోటు ఇదే," అంటూ సంతకం పెట్టేసింది. "ఈసారి చుక్క నీరు కూడా గట్టు దాటదు."

"ఆయ్! చల్లని మాట చెప్పేరండి. ఇంక ఊరికి ఏ దిగులూ లేదు," అన్నారు ప్రెసిడెంటు సూర్యప్రకాశరావుగారు. మేడంగారికి కొబ్బరిబొండం కొట్టించారు.

మహాలక్ష్మమ్మ ఉన్నచోటే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. లక్ష్మీతులసికీ కళ్ళు చెమర్చాయి. వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకా ఏడుపెందుకమ్మా? నిశ్చింతగా ఇంటికెళ్ళండి."

"ఆయ్, ఎల్తానండీ," అంది మహాలక్ష్మమ్మ.

ఊరంతా కబుర్లు చెప్పుకుంటూ గట్టు దిగి పొలాల వైపు వెళ్ళిపోయాక, మహాలక్ష్మమ్మ ఒక్కతే లేచి రెండో పక్కకి, సముద్రం వైపున్న తన ఇంటికి దిగింది.