బాప్తిస్మం క్లాసుకి రాని మనిషి

తలుపు చప్పుడు వినగానే పాస్టరుగారికి ప్రాణం విసిగిపోయింది.

బాప్తిస్మం క్లాసు మొదలై గంటన్నర. అందులో గంటా పావు వాదనకే పోయింది.

"నమ్మితే చాలని మీరే అన్నారు. మళ్ళీ ఈ తొట్లో ముంచడం దేనికండీ?" అని రిటైరైన హెడ్మాస్టరు.

"నమ్మానని నోటితో అంటే సరిపోయిందా? చేతలుండక్కర్లేదూ?" అని టైలరమ్మ.

"చేతల్తోనే పనైపోతే మనమంతా ఇక్కడెందుకు కూర్చున్నట్టు? అయినా యేసు పక్కన సిలువ మీద చచ్చి పరలోకానికెళ్ళిన దొంగ సంగతేంటి? వాణ్ణెవరు ముంచారు?" అని మళ్ళీ హెడ్మాస్టరు.

ఆ దొంగ ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాడు. క్లాసులో అందరికంటే హాజరు వాడిదే ఎక్కువ.

పాస్టరుగారు లేచి వెళ్ళి తలుపు తీశారు. గుమ్మం బయట అంటురోగాల ఆసుపత్రి అటెండరు, చెప్పులు దూరంగా విడిచి నిలబడి ఉన్నాడు.

"మళ్ళీ నువ్వేనా!"

"నేనేనండీ. తొమ్మిదో మంచం పెద్దాయన బాప్తిస్మం కావాలంటున్నారు. ఇవాళో రేపో అన్నట్టుంది. ఒక్కసారి వస్తారా?"

ఈ నెలలో ఇది నాలుగోసారి.

"నాయనా, నీకెన్నిసార్లు చెప్పాలి? ఆరు వారాలు క్లాసుకి రావాలి. పెద్దల ముందు సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాతే నీళ్ళలో దిగడం."

"ఆయన లేచి కూర్చోలేరండీ."

"అందుకేగా వచ్చి ప్రార్థన చేస్తానన్నాను! వీలు చూసుకుని వస్తానని చెప్పు."

"పోయినసారీ అదే చెప్పానండీ. అప్పుడు బాప్తిస్మం అడిగిన అమ్మ రెండు రోజులు గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది."

పాస్టరుగారికి ఒళ్ళు మండింది. వీలు కాకపోవడానికి ఆయన కారణం ఆయనకుంది. ఇంట్లో ఆర్నెల్ల మనవరాలు. ఆ వార్డులోకి వెళ్ళొచ్చి పిల్లనెలా ఎత్తుకోవడం? ఆ మాట పైకి చెప్పుకోలేకపోవడంతో చిరాకు రెట్టింపైంది.

"వాళ్ళ సంగతి సరే. నీ సంగతేంటి? రెండుసార్లు పేరు రాయించుకున్నావు. రెండుసార్లూ మూడో వారానికే ఎగ్గొట్టావు."

"ఆదివారం పొద్దున డ్యూటీ అండీ. ఇప్పుడూ పది నిమిషాలడిగి వచ్చాను. నేను సెలవు పెడితే వాళ్ళని పక్కకి తిప్పి పడుకోబెట్టే దిక్కుండదు. వీపులు పుండ్లు పడిపోతాయి."

"విశ్వాసం గట్టిదైతే సెలవు అదే దొరుకుతుంది. పనులు చేసి పరలోకం సంపాదించుకుందామనుకుంటున్నావేమో, అలా దొరికేది కాదది."

అటెండరు నొచ్చుకోలేదు.

"పరలోకం దాకా నేనెప్పుడూ ఆలోచించలేదండీ. అవతల దుప్పట్లు మార్చే వేళైంది. వస్తాను," అని చెప్పులు తొడుక్కున్నాడు.

పాస్టరుగారు లోపలికొచ్చేసరికి హెడ్మాస్టరూ టైలరమ్మా ఇంకా సిలువ దగ్గరే ఉన్నారు.

ఆ రోజు తర్వాత అటెండరు మళ్ళీ రాలేదు.

ఒక నెల చూసి, పాస్టరుగారు హమ్మయ్య అనుకున్నారు.

ఏడాదిన్నర గడిచాక ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు ఫోన్ చేసింది.

"మా అటెండరు పోయాడండీ. ఈ వార్డు జబ్బే పట్టుకుంది. నా అన్నవాళ్ళెవరూ లేరు. మీ సమాధుల తోటలో కాస్త చోటిస్తారా?"

సంఘ పెద్దలు సమావేశమయ్యారు. బాప్తిస్మం రిజిస్టరు మొదటినుంచీ చివరిదాకా తిరగేశారు. పేరు లేదు.

"బాప్తిస్మమే లేని మనిషికి చోటెలా ఇస్తామండీ? ఇవాళ ఇతనికిస్తే రేపు ఇంకొకరు వస్తారు," అన్నారు.

పాస్టరుగారు ఏదో అనబోయారు. అంటే మళ్ళీ విశ్వాసమా, చేతలా, నీళ్ళా అంటూ సాయంత్రం దాకా వాదన తెగదు. ఆ ఓపిక ఎవరికుంది?

"సరే, మీ ఇష్టం," అనేశారు.

ఊరి బయట, మున్సిపాలిటీ వాళ్ళు అనాథలకి కేటాయించిన స్థలంలో పూడ్చారని తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఆయనకి అన్నం సయించలేదు. ఎందుకో ఆరా తీసే ఓపిక కూడా లేకపోయింది.

మరుసటి ఆదివారం ఆరాధన ముగించి బయటికొచ్చేసరికి, వరండాలో ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు. చేతుల్లో పూలు. ఒక్కటీ తెలిసిన మొహం కాదు.

వాళ్ళలోంచి ఓ నడివయసు ఆవిడ ముందుకొచ్చింది.

"సమాధుల తోటకి దారి ఎటండీ? పోయినవారం పోయిన పాస్టరుగారి సమాధి చూడాలి."

"పొరబడ్డారమ్మా. పన్నెండేళ్ళుగా ఈ సంఘానికి పాస్టర్ని నేనే," అన్నారాయన విసుగ్గా. "చూస్తున్నారుగా, బతికే ఉన్నాను."

ఆవిడ వెనక్కి తిరిగి మిగతావాళ్ళ వంక చూసింది. వాళ్ళూ అయోమయంగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మీరు కాదండీ. ఆయన వేరే. మా నాన్నకి గ్లాసెడు నీళ్ళతో బాప్తిస్మం ఇచ్చారు. వీళ్ళ అమ్మకీ, ఆ వెనక ఉన్నాయన తమ్ముడికీ ఆయనే ఇచ్చారు. ఏ సంఘమని మేమెప్పుడూ అడగలేదు. దగ్గర్లో ఉన్నది ఇదొక్కటేగా అని వచ్చాం."

పాస్టరుగారు ఆవిడ దగ్గరికి ఒక అడుగు వేశారు.

"ఎక్కడ ఇచ్చారమ్మా?"

"అంటురోగాల ఆసుపత్రిలోనండీ," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "అంత పెద్ద పాస్టరై ఉండి కూడా, మా నాన్న మంచం కింది బెడ్‌పాను ఆయనే స్వయంగా ఎత్తేవారు."